క్లాజును ఉపవాక్యం చేయకమ్మా

చిరంజీవి బుజ్జికి మామయ్య ఆశీస్సులు.

ఇంగ్లీషు ఒప్పందాన్ని తెలుగు చేసి నువ్వు వాట్సాప్‌లో పంపిన పేజీ చదివి ముందు నవ్వుకున్నాను. "ఈ ఒప్పందంలోని 14వ ఉపవాక్యం ప్రకారం వివాదాన్ని మధ్యవర్తికి నివేదించాలి" అని రాశావు. "క్లాజు" అంటే ఉపవాక్యం అని నిఘంటువు నీకు అబద్ధమేం చెప్పలేదు. కాకపోతే అది చెప్పింది వ్యాకరణం మేష్టారి క్లాజు గురించి, నీ చేతిలో ఉన్నదేమో ప్లీడరుగారి క్లాజు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఇదే రాశాను, మా సూపరింటెండెంట్ దాన్ని ఆఫీసంతా వినేలా పైకి చదివాడు. నీకా తిప్పలు రాకూడదనే ఈ ఉత్తరం.

బడిలో చదివిన ఉపవాక్యం గుర్తుందా? "వాన పడితే" అని ఆగిపోతే వినేవాడు "ఆఁ, పడితే?" అంటాడు. వెనక ప్రధాన వాక్యం లేకపోతే దానికి నిలకడ లేదు. నీ 14వ నంబరులా వివాదాన్ని మధ్యవర్తికి అప్పగించే ఆర్బిట్రేషన్ క్లాజు సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. 1996 నాటి ఆర్బిట్రేషన్, కన్సిలియేషన్ చట్టంలో 16వ సెక్షన్ తీసి చూడు. ఒప్పందంలో భాగంగానే ఉన్నా ఆ క్లాజును మిగతా నిబంధనలతో ముడిపడని విడి ఒప్పందంగా చూడాలంటుంది. అసలు ఒప్పందమే చెల్లదని తేలినా, ఆ ఒక్క కారణంతో ఆర్బిట్రేషన్ క్లాజు పోదు. అంత మొండిదాన్ని పట్టుకుని "ఉప" అంటే ఎలాగమ్మా?

అద్దె కాగితాల్లో, అమ్మకం అగ్రిమెంట్లలో "నిబంధన" అని రాయి. "షరతు" అన్నిచోట్లా అతకదు. "యజమాని అంటే ఆయన వారసులు కూడా" అనేది క్లాజే, మరి అందులో షరతేముంది? చదివేది మామూలు జనమైతే "క్లాజు" అని ఉంచేసినా నాకు అభ్యంతరం లేదు. సభలో ఉన్నంతసేపూ బిల్లులో ఉండేవి క్లాజులు, చట్టమయ్యాక అవే సెక్షన్లు. రాజ్యాంగంలో ఆర్టికల్ కింద ఉండేవి మళ్లీ క్లాజులే. అన్నట్టు, ఆర్టికల్ 19 మొదటి క్లాజులో ఎ, బి, సి, డి, ఇ దాకా వచ్చి, ఎఫ్ లేకుండా జి కి దూకుతుంది. అచ్చుతప్పు అనుకుని సర్దేవు సుమా! ఆస్తి హక్కుకు సంబంధించిన ఎఫ్‌ను 1978 నాటి 44వ సవరణ తీసేసింది. నీ ఒప్పందాల్లోనూ అలాంటి ఖాళీ కనబడితే ముట్టుకోకు. మిగతా క్లాజులు ఒకదాన్నొకటి ఆ నంబర్లతోనే పిలుచుకుంటాయి.

పేరు సంగతి ఇంతటితో సరి. అయితే ప్లీడరు రాసిన ఒక్కో నిబంధన కడుపులో మేష్టారి ఉపవాక్యాలు నాలుగైదు ఉంటాయి. కొంపలు మునిగేది అక్కడ. నీ అద్దె కాగితంలోనిదే ఈ వాక్యం చూడు: "అద్దెదారు వరుసగా రెండు నెలలు అద్దె చెల్లించకపోతే, యజమాని పదిహేను రోజుల నోటీసు ఇచ్చి ఇల్లు ఖాళీ చేయించవచ్చు." "చెల్లించకపోతే" చేదర్థకం, అంటే "ఇలా జరిగితే" అని షరతు పెట్టేది. "ఇచ్చి" క్త్వార్థకం, అంటే ముందు నోటీసు, తర్వాతే ఖాళీ, రెండూ చేసేది యజమానే. "ఇచ్చి" బదులు "ఇస్తూ" అని రాశావనుకో, ఒక చేత్తో నోటీసు ఇస్తూ రెండో చేత్తో సామాను బయట పెట్టించవచ్చని వాదించేవాడు దొరుకుతాడు. తేలిగ్గా ఉంటుందని "నోటీసు అందిన పదిహేను రోజులకు" అని మార్చకు. మూలంలో "అందిన" లేదు. ఇచ్చిన రోజు వేరు, అందిన రోజు వేరు. ఆ తేడా మీదే నెలల తరబడి వాయిదాలు నడిచిన కేసులు చూశాను.

"తే" తీసి "నా" పెడితే అర్థం ఎలా తిరుగుతుందో చూడు. "డబ్బు కడితే ఉండవచ్చు", "డబ్బు కట్టినా ఖాళీ చేయాలి". "పైన ఏమి రాసి ఉన్నప్పటికీ" అని మొదలయ్యే పెద్ద క్లాజులున్నాయే, అవన్నీ ఈ "నా" పెట్టిన సంసారమే. అది కనబడగానే పెన్సిలు తీసుకుని, ఏ క్లాజు ఏ క్లాజును తొక్కేస్తోందో మార్జిన్‌లో బాణం గుర్తు వేసి రాసుకో. "లోబడి" అని ఉంటే ఆ బాణాన్ని తిరగెయ్యి, ఇక్కడ తల వంచేది ఈ క్లాజే. "అయితే" అని మొదలయ్యే వాక్యాన్ని పైదానికి అంటిపెట్టుకునే ఉంచు, కొత్త పేరాలోకి తోసెయ్యకు.

నా పరువు తీసింది మాత్రం ఇంకో రకం. ఒక అద్దె దస్తావేజులో "తలుపులు, కొత్తగా వేయించిన కిటికీలు" అని రావలసింది. చెవికి బాగుందని "కొత్తగా వేయించిన కిటికీలు, తలుపులు" అని తిప్పాను. తలుపులేమో తాతల నాటివి. "వేయించిన" అన్నది కిటికీలకేనా, తలుపులకు కూడానా అని ఇద్దరు ప్లీడర్లూ పూటంతా వాదించుకున్నారు. ఇంగ్లీషు కాపీ తెప్పించి చూశాక అందరి కళ్లూ నా మీదే. తెలుగులో విశేషణం ముందు కూర్చుంటుంది కదా, వెనక ఎన్ని పేర్లొస్తే అన్నిటినీ తనతో లాక్కుపోతుంది. అందుకే విశేషణం అక్కర్లేనిదాన్ని ముందే చెప్పెయ్యాలి.

ఇక ఆ అరపేజీ వాక్యాలు. మన క్రియ చివర వస్తుంది కాబట్టి "చెల్లించాలి" అన్నారో "చెల్లించవచ్చు" అన్నారో తేలేసరికి చదివేవాడికి ఊపిరి ఆగుతుంది. విడగొట్టు, తప్పులేదు. విడగొట్టిన ప్రతి ముక్కలోనూ ఎవరు చేయాలో పేరు పెట్టి మళ్లీ రాయి. "అతడు", "సదరు వారు" అంటే కుదరదు. ఒకే పేరు పదిసార్లు వస్తే వినసొంపుగా ఉండదని బెంగ పెట్టుకోకు, దస్తావేజు ఎవరూ పాడుకోరు.

ఆ 14వ నంబరు తెలుగు ముక్క ఒక్కటే పంపావు. దాని ఇంగ్లీషు పేజీ కూడా ఫొటో తీసి పంపు. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీషు ప్రతే చెల్లుతుందనే క్లాజు చివర్లో ఎక్కడో ఉందేమో చూడు, ఉంటే దాన్నీ తెలుగు చెయ్యడం మరిచిపోకు. అత్తయ్య గోంగూర పచ్చడి పెట్టింది, శనివారం బస్సుకి పంపిస్తాం.

ఇట్లు,
మామయ్య