100 రూపాయల బ్లడ్ గ్రూప్ టెస్టును నమ్మొచ్చా?

ప్రశ్న: మాది ఉప్పల్. మా ఆవిడకు ఇప్పుడు మూడో నెల. మొదటి కాన్పు వాళ్ల ఊళ్లో జరిగింది. ఆ కాగితాలు ఇల్లు మారినప్పుడు పోయాయి. తనది నెగెటివ్ గ్రూప్ అని అప్పుడు ఎవరో అన్నట్టు గుర్తు అంటోంది. బ్లడ్ గ్రూప్ టెస్టుకు మా వీధి ల్యాబ్‌లో 100 రూపాయలు, మెయిన్ రోడ్డు మీద 250 అడుగుతున్నారు. ఇంకొకరు 1,800 ప్యాకేజీ తీసుకుంటే గ్రూప్ ఉచితమంటున్నారు. తక్కువకు చేస్తే తప్పు వస్తుందా? బాబు స్కూల్ ఐడీ కార్డుకూ గ్రూప్ కావాలన్నారు.

జవాబు: ముందుగా ప్యాకేజీ మాట మరిచిపోండి. గ్రూప్ ఒక్కదాని కోసం అంత పెట్టక్కర్లేదు.

హైదరాబాద్‌లో ఈ టెస్టుకు 100 నుంచి 300 దాకా తీసుకోవడం మామూలే. పరగడుపున వెళ్లాల్సిన పని లేదు. చాలా చిన్న ల్యాబుల్లో గాజు పలక మీద రక్తపు చుక్కలు వేసి, మందు కలిపి, రక్తకణాలు ముద్దలుగా అతుక్కుంటున్నాయో లేదో చూసి గ్రూప్ చెబుతారు. దీన్ని స్లైడ్ పద్ధతి అంటారు. ట్యూబ్ లేదా జెల్ పద్ధతిలో సీరంను (కణాలు పోగా మిగిలే ద్రవాన్ని) కూడా పరీక్షించి సరిచూస్తారు (రివర్స్ గ్రూపింగ్). పాజిటివ్ లక్షణం బలహీనంగా ఉన్న రక్తం స్లైడ్ మీద ఒక్కోసారి నెగెటివ్‌గా కనిపిస్తుంది. కాబట్టి మీ ఆవిడకు మాత్రం ట్యూబ్ లేదా జెల్ పద్ధతి అడగండి. దానికి వంద ఎక్కువైనా దండగ కాదు. శాంపిల్ తీసిన వెంటనే ట్యూబ్ మీద ఆమె పేరు రాశారో లేదో మీ కళ్లతో చూడండి. ఒకరి ట్యూబు మరొకరి పేరుకు ఎక్కడం వల్ల కూడా తప్పు రిపోర్టులు వస్తాయి.

డబ్బు ఇబ్బందైతే అసలు ఖర్చు లేకుండా కూడా అవుతుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు రక్త పరీక్షలు ఉచితం. దగ్గర్లోని బస్తీ దవాఖానాలో లేదా పట్టణ ఆరోగ్య కేంద్రంలో అడగండి. కోఠి, పేట్లబుర్జు ప్రసూతి ఆసుపత్రులు కూడా ఉన్నాయి.

నాకు ఆందోళన కలిగించింది రేటు కాదు, ‘నెగెటివ్ అన్నట్టు గుర్తు’ అనే మాట. తల్లి నెగెటివ్, బిడ్డ పాజిటివ్ అయితే, కాన్పు సమయంలో బిడ్డ రక్తం కొంత తల్లి రక్తంలో కలుస్తుంది. తల్లి శరీరం దానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారుచేసుకోవచ్చు. మొదటి బిడ్డకు సాధారణంగా ఏమీ కాదు. తర్వాతి బిడ్డ పాజిటివ్ అయితే ఆ యాంటీబాడీలు మాయ దాటి వెళ్లి ఆ బిడ్డ ఎర్ర రక్తకణాలను నాశనం చేయొచ్చు. అందుకే ఆమెది నెగెటివ్ అని తేలితే మీ గ్రూప్, బాబు గ్రూప్ కూడా వెంటనే చూపించండి. బాబు టెస్టు ఐడీ కార్డు కోసమే అనుకోకండి, ఆమె డాక్టరుకు అది అవసరం. మీదీ నెగెటివే అయితే ఈ టెన్షన్ ఉండదు.

మీది పాజిటివ్ అయితే, ఆమె రక్తంలో ఆ యాంటీబాడీలు ఉన్నాయేమో చూసే ఐసీటీ (ఇన్‌డైరెక్ట్ కూంబ్స్ టెస్ట్) చేయించాలి. ప్యాకేజీకి పెట్టాలనుకున్న డబ్బు దీనికి పెట్టండి. యాంటీబాడీలు లేవని తేలితే అవి తయారవకుండా ఆపడానికి సాధారణంగా 28వ వారంలో ఒక యాంటీ-డి ఇంజక్షన్, పుట్టిన బిడ్డ పాజిటివ్ అయితే కాన్పయిన 72 గంటల్లోపు మరొకటి ఇస్తారు. యాంటీబాడీలు అప్పటికే ఉంటే ఆ ఇంజక్షన్ పనిచేయదు, పెద్దాసుపత్రిలో బిడ్డను దగ్గరగా గమనిస్తూ ఉండాలి. మొదటి కాన్పు తర్వాత ఇంజక్షన్ ఇచ్చారేమో అత్తగారి వాళ్లను అడగండి, ఆ ఆసుపత్రి రికార్డుల్లోనూ దొరకొచ్చు.

ఫోన్‌పేతో కట్టినా, నగదు ఇచ్చినా బిల్లు తీసుకోండి. రిపోర్టు మీద పేరు, వయసు, తేదీ, డాక్టరు సంతకం ఉండాలి. దాన్ని ఫొటో తీసి ఇద్దరి ఫోన్లలోనూ ఉంచుకోండి. రేపు ఎప్పుడైనా రక్తం ఎక్కించాల్సి వస్తే ఆసుపత్రి వాళ్లు గ్రూప్ మళ్లీ చూసి, క్రాస్ మ్యాచ్ (దాత రక్తం సరిపోతుందో లేదో చూడటం) చేసి, బిల్లు వేస్తారు. పాత రిపోర్టు ఉంది కదా అని దానికి మాత్రం అడ్డు చెప్పకండి.

ఈ వారంలోనే చేయించండి. ఈలోపు ఆమెకు కొంచెం రక్తస్రావం కనిపించినా, కడుపుకు దెబ్బ తగిలినా రిపోర్టు కోసం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లి, నెగెటివ్ కావచ్చని డాక్టరుకు ముందే చెప్పండి.