లా ప్రొఫెసర్ కావాలనుకునే మనవాళ్లకు

ఎల్ఎల్‌బీ చదివి, ఎల్ఎల్ఎమ్‌కి అమెరికా వచ్చిన పిల్లలు ఈ మధ్య తరచుగా అడుగుతున్నారు: ఇక్కడ ఇమ్మిగ్రేషన్ లా బోధించే ప్రొఫెసర్ కాగలమా అని. కావచ్చు. అయితే ఏడాది ఎల్ఎల్ఎమ్‌తో న్యూయార్క్, కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో లాయర్ లైసెన్స్ కోసం రాసే బార్ పరీక్షకు దారి దొరుకుతుందేమో గానీ, టెన్యూర్ ఉద్యోగానికి (శాశ్వత ప్రొఫెసర్ పదవికి) అది సాధారణంగా చాలదు. జేడీనో (అమెరికా లా డిగ్రీ), ఎస్‌జేడీనో (లాలో డాక్టరేట్), పీహెచ్‌డీనో చేసినవాళ్లు పోటీలో ఉంటారు. అన్నిటికన్నా ముందు నియామక కమిటీ చూసేది మీరు రాసిన వ్యాసాలను. వాటిని అచ్చేసే లా రివ్యూ పత్రికలు నడిపేది విద్యార్థులే. వాళ్లు ఎక్కువగా ఫిబ్రవరిలో, ఆగస్టులో వ్యాసాలు తీసుకుంటారు. అప్పటికి మీ డ్రాఫ్ట్ సిద్ధంగా ఉండాలి.

ఏం రాయాలి? మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది గ్రీన్ కార్డ్ క్యూ. ఏటా ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఏ దేశానికీ 7 శాతానికి మించి ఇవ్వకూడదన్న నియమం మనల్ని ఎంత పీడిస్తోందో నాకూ తెలుసు. రాయండి, కానీ అక్కడే ఆగిపోకండి. 1923లో, పంజాబ్ నుంచి వచ్చిన భగత్ సింగ్ థింద్ తెల్లవాడు కాడంటూ సుప్రీంకోర్టు ఆయనకు పౌరసత్వం కాదంది. ఆ తీర్పు పట్టుకుని, అప్పటికే పౌరులైన భారతీయుల పౌరసత్వాలు కూడా లాగేసుకున్నారు. మళ్లీ మనకు ఆ హక్కు దక్కింది 1946లో. దేశాలవారీ పాత వలస కోటాలు పోయింది 1965లో, నల్లజాతివాళ్లు వీధుల్లో పోరాడి పౌర హక్కుల చట్టం తెచ్చుకున్న మరుసటి ఏడాదే. ఆ పోరాటం లేకపోతే మనలో ఎంతమందిమి ఇక్కడ ఉండేవాళ్లం? అందుకే పౌర హక్కుల చట్టాన్ని పక్కన పెట్టి ఇమ్మిగ్రేషన్ ఒక్కటే చదవడం నాకు తప్పనిపిస్తుంది.

మీ స్కూల్లో ఇమ్మిగ్రేషన్ క్లినిక్ (విద్యార్థులు నిజమైన కేసులు చూసే చోటు) ఉంటే తప్పకుండా చేరండి. దేశం నుంచి పంపించేసే కేసుల్లో లాయర్‌ని పెట్టుకోవచ్చు, కానీ ప్రభుత్వ ఖర్చుతో కాదని చట్టమే చెబుతోంది. డబ్బులేని మనిషి జడ్జి ముందు ఒంటరిగా నిలబడతాడు. ప్రొఫెసర్ పర్యవేక్షణలో ఆయన తరఫున మాట్లాడే అవకాశం మీకొస్తుంది. మంచి వ్యాసానికి కావలసిన ప్రశ్నలు నాకు తెలిసి అక్కడే పుడతాయి. క్లినిక్ ఫెలోషిప్‌ల మీదుగా బోధనలోకి వచ్చినవాళ్లూ చాలామందే ఉన్నారు.

వీసా టెన్షన్ ఉండేవాళ్లకు ఒక మాట: యూనివర్సిటీ ఉద్యోగాలకు హెచ్-1బీ లాటరీ లేదు. ఓపీటీ (చదువయ్యాక ఇక్కడ పనిచేయడానికి ఇచ్చే అనుమతి) మాత్రం ఏడాదే కాబట్టి, మొదటి సెమిస్టర్‌లోనే ఒక ప్రొఫెసర్‌ని కలిసి, సెమినార్ పేపర్‌ని వ్యాసంగా మలచడానికి సాయం అడగండి.