గిన్నె తోమి ఇచ్చి వెళ్లాడు

చిత్తూరు

చిన్నపాపకు అవ్వ దీవెనలు.

మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. వచ్చే ఆదివారం నుంచి నువ్వూ, మీ చర్చి యూత్ పిల్లలూ కలిసి తిరుపతిలో రుయా ఆసుపత్రి దగ్గర, రోగుల వెంట వచ్చినవాళ్లకి పొద్దున్నే రాగిజావ పోస్తారంట గదా. రోజూనంట, ముప్పై మందికంట. వినగానే కళ్లలో నీళ్లొచ్చాయి. వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది.

చీకట్లో స్కూటీ మీద ఒక్కదానివే పోవద్దు. వెనక ఇంకొకరు ఉండాల్సిందే. జావలో ఉప్పేయండి, బెల్లం వద్దు, చక్కెర జబ్బు వాళ్లుంటారు. ఆపరేషన్ ఉన్నవాళ్లు ఖాళీ కడుపుతో ఉండాలి, నర్సమ్మని అడక్కుండా ఏ రోగికీ పోయకు. అక్కడ ముందునుంచీ భోజనం పెట్టేవాళ్లుంటే, ఏ పూట ఎవరికి అందడం లేదో వాళ్లనే కనుక్కో. అన్నం పెట్టడం ఆ ఊరికి మనం కొత్తగా నేర్పేదేం కాదు, కొండ మీద 1985 నుంచి నిత్యాన్నదానం జరుగుతూనే ఉంది. జావతో పాటు కరపత్రం మాత్రం ఇవ్వొద్దు. గ్లాసు కోసం చాపిన చేతిలో గ్లాసే పెట్టాలి. మీ యూత్ లీడర్ ఏమన్నా అంటే నా పేరు చెప్పు. యేసు చెప్పిన కథలో, దెబ్బలు తిని దారిలో పడి ఉన్నవాణ్ణి ఆ సమరయుడు నీ మతమేదని అడిగాడా?

అసలు విషయం ఇది కాదు. మీ అమ్మకి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

1986 డిసెంబర్. ఇక్కడ ఒక ఆసుపత్రి వరండాలో పలమనేరు వైపు నుంచి వచ్చిన తాత ఒకాయన ఉండేవాడు. మనవడికి లోపల మంచం, ఈయనకి బండ. పాఠం చెప్పడానికి బడికి పోతూ రోజూ ఒక స్టీలు గిన్నెలో గంజి ఇచ్చేదాన్ని. చలికి ఆయన పంచె తలమీదికి లాక్కుని కూర్చోవడం చూసి, "రేపు పొద్దున్నే కంబళి తెస్తా తాతా" అన్నాను. ధైర్యం ఏంటంటే, మన చర్చిలో పంచడానికి కంబళ్ల మూట వచ్చి ఉంది. అయితే అవి 24న పెద్దాయనెవరో వచ్చి వేదిక మీద ఇవ్వాలి. ఒక్కటి ముందే తీసివ్వండి అని అడగడానికి నాకు నోరు రాలేదు. కొనడానికి చేతిలో డబ్బు లేదు. ఒట్టి చేతులతో ఆయనకి మొహం ఎలా చూపించేదని సిగ్గేసి, రెండు రోజులు ఆ వీధే తప్పించుకుని చుట్టుదారిన బడికి పోయాను. చూడు నా తెలివి! కంబళి లేదని గంజి కూడా మానేశాను.

మూడోరోజు మా అమ్మ కంబళే తీసుకుని పోయాను. వరండా ఖాళీ. పిల్లోణ్ణి వేలూరు ఆసుపత్రికి తీసుకెళ్లారని వార్డుబాయ్ చెప్పాడు. "రెండు పొద్దులూ గేటు దగ్గరే నిలబడ్డాడమ్మా. టీ తాగు రమ్మన్నా కదల్లేదు, టీచరమ్మ వస్తానంది అన్నాడు." నా గిన్నె మట్టితో తళతళా తోమి, ఆ వార్డుబాయ్ చేతికిచ్చి వెళ్లాడంట.

సండే స్కూల్లో అన్నేళ్లు పిల్లలకి 'నిరీక్షణ' అంటే దేవుని మీద ఆశ అని చెప్పాను. బయటివాళ్లకి ఆ మాటకి ఎదురుచూడటమనే అర్థం. ఆ తాత చేసింది అదే. చేయించింది నేను.

అందుకే రోజూ అనకు పాపా. ఆదివారం, బుధవారం అను, పదిమందికి అను. ఆ వేలూరు ఆసుపత్రి కూడా 1900లో ఐడా స్కడ్డర్ అనే డాక్టరమ్మ ఒక్క మంచంతో మొదలుపెట్టిందే. మీ ముత్తవ్వ ఎసరు పెట్టినప్పుడల్లా పిడికెడు బియ్యం పక్క కుండలో వేసి ఆదివారం చర్చికి ఇచ్చేది. జ్వరమొచ్చినా ఆ పిడికెడు తప్పలేదు, పండగొచ్చినా రెండు పిడికెళ్లు కాలేదు. మీకు పరీక్షలొస్తే ఎవరు పోతారో ఇప్పుడే రాసుకోండి. జావ మాడిపోయినా సరే, పోయి మాడిందని చెప్పి రా.

కోప్పడుతున్నానని అనుకోకు. నీ వయసులో నాకు ఆ గేటు దాకా పోవాలన్న ఆలోచనే లేదు.

శుక్రవారం మీ మామ వస్తాడు. ఐదు కిలోల రాగిపిండి, ఆ గిన్నె పంపిస్తున్నా. అడుగున సొట్ట ఉంది గానీ కారదు. మూత దానిది కాదు, సరిగ్గా పట్టదు, పైన గుడ్డ కట్టుకో.

మీ అవ్వ