జావెలిన్ విసిరే చెయ్యి బేస్‌బాల్‌కి పనికొస్తుందా?

ప్రశ్న: మాస్టారూ, మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. జావెలిన్ బాగా విసురుతాడు. అమెరికా మైనర్ లీగ్‌లో బేస్‌బాల్ పిచ్చర్ (బ్యాటర్‌కి బంతి విసిరేవాడు) అవుతానని పట్టుబట్టాడు. అది బతుకుతెరువేనా?
– ఒక తల్లి, రాజోలు

జవాబు: అమ్మా, మీవాడిది పిచ్చి ఆశేమీ కాదు. 2008లో ఉత్తరప్రదేశ్ కుర్రాళ్లు రింకూ సింగ్, దినేశ్ పటేల్ అలా జావెలిన్ నుంచే వెళ్లారు. ఒక పోటీలో మొదటి రెండు స్థానాల్లో నిలిచి, అదే ఏడాది పిట్స్‌బర్గ్ పైరేట్స్ అనే అమెరికా జట్టుతో ఒప్పందం చేసుకున్నారు. ఇద్దరూ మైనర్ లీగ్ ఆడారు కానీ మేజర్ లీగ్ దాకా వెళ్లలేదు. గాయాలు వెంటాడి రింకూ చివరికి 2018లో కుస్తీకి, డబ్ల్యూడబ్ల్యూఈకి మారాడు.

మైనర్ లీగ్ అంటే పై స్థాయి అయిన మేజర్ లీగ్‌కి ఎక్కే మెట్లు. అడుగున ఉండే రూకీ నుంచి సింగిల్-ఏ మీదుగా అన్నిటికన్నా పైనున్న ట్రిపుల్-ఏ దాకా ఎక్కాలి, ఏ మెట్టు మీదైనా టీమ్ వాణ్ని తీసేయొచ్చు. జీతం 2023 ఒప్పందంతో పెరిగింది: సింగిల్-ఏలో ఏడాదికి కనీసం 26,200 డాలర్లు, ట్రిపుల్-ఏలో 35,800. అక్కడి ఖర్చులకు అది పెద్ద మొత్తం కాదు. అందుకని దీని కోసం పొలం అమ్మొద్దు. పంపిస్తామని డబ్బులడిగేవాళ్లని గుమ్మం ఎక్కనివ్వొద్దు.

మా మేనల్లుడు తెచ్చిన బేస్‌బాల్ ఒకటి నా దగ్గరుంది. బరువు 150 గ్రాముల లోపే, క్రికెట్ బంతి కన్నా తేలిక. కొత్తది నున్నగా జారిపోతుంది. అందుకే అక్కడ మ్యాచ్‌కి ముందు డెలావేర్ నది వైపు బురద తెచ్చి బంతులకి రుద్దుతారు. నేను మన ఏటిగట్టు ఒండ్రు రాసి చూశాను. ఎర్ర కుట్ల మీద వేళ్లు గట్టిగా నిలిచాయి. మీవాడికీ అలా పట్టుకోవడం నేర్పించాలనుంది.

నా భయమల్లా మోచేయి గురించే. బ్యాటర్ వైపు 60 అడుగుల 6 అంగుళాల దూరానికి వందల సార్లు బలమంతా పెట్టి విసిరితే లోపలివైపు లిగమెంటు (ఎముకల్ని కలిపి ఉంచే పట్టీ) తెగొచ్చు. 1974లో టామీ జాన్ అనే పిచ్చర్‌కి డాక్టర్ ఫ్రాంక్ జోబ్ దానికి ఆపరేషన్ చేశాడు. అతను మళ్లీ ఆడింది 1976లో! నా కుర్రవయసులో ఒక క్రికెట్ టోర్నమెంటులో రెండు రోజుల్లో నాచేత నలభై ఓవర్లు వేయించారు. నొప్పి అంటే కొబ్బరినూనె రాసి మళ్లీ బంతి చేతికిచ్చారు. ఇవాళ్టికీ అటక మీది బిందె కుడిచేత్తో దించలేను, అమ్మా. మీవాడికి అలా జరగనివ్వకండి.

చదువు మాన్పించొద్దు. స్కూల్ గేమ్స్‌లో బేస్‌బాల్ ఉంది, కాలేజీ పీడీ గారిని అడిగి సెలక్షన్స్‌కి పంపండి. ముందు మాత్రం ఇవాళ సాయంత్రం మోచేయి లోపలి ఎముక పక్కన బొటనవేలితో నొక్కి చూడండి. ‘అబ్బా’ అన్నాడంటే జావెలిన్ పక్కన పెట్టించి ఎముకల డాక్టరుకి చూపించండి.