ఎలక్షన్ వాచ్ వాలంటీర్లు అసలు ఏం చేస్తారు? కందుకూరు నుంచి ఒక జవాబు

అడిగిన ప్రశ్న ఇది: "ఎన్నికలను గమనించే పౌర సంస్థలు మన దగ్గర ఎప్పుడు మొదలయ్యాయి? వాలంటీరుగా చేరితే పోలింగ్ బూత్‌లో కూర్చోనిస్తారా? నెల్లూరు, ఒంగోలు వైపు ఎవరైనా పనిచేశారా?"

రెండో ప్రశ్న సంగతి ముందు తేల్చేద్దాం. కూర్చోనివ్వరు. బూత్ లోపల ఉండేది పోలింగ్ సిబ్బంది, అభ్యర్థుల ఏజెంట్లు, ఎన్నికల సంఘం పంపిన పరిశీలకులు, పాసు ఉన్న విలేకరులు. మీ సంస్థ కార్డు మెడలో వేసుకుని వెళితే గేటు దగ్గర కానిస్టేబులే ఆపేస్తాడు. ఈ సంగతి తెలియక ఉత్సాహంగా చేరి, తెలిశాక మెల్లగా జారుకున్న కుర్రాళ్లను చాలామందిని చూశాను.

బూత్ దాకా వెళ్లగలిగిన వాలంటీర్ల కథ కావాలంటే ఫిలిప్పీన్స్ చూడాలి. 1983లో అక్కడ 'నామ్‌ఫ్రెల్' అనే సంస్థ పుట్టింది. 1986 ఫిబ్రవరి 7న అప్పటి అధ్యక్షుడు మార్కోస్ మీద కొరజాన్ అక్వినో పోటీ చేసిన ఎన్నికలో దీని వాలంటీర్లు లక్షల్లో ఉన్నారు. బూత్‌ల దగ్గర కాపలా కాశారు, బూత్‌లవారీ లెక్కల కాపీలు తీసుకుని సొంతంగా కూడారు. ప్రభుత్వ లెక్క ఒక దారిన, వీళ్ల లెక్క ఒక దారిన పోయాయి. రెండు రోజులకే ప్రభుత్వ లెక్కింపు కేంద్రంలో కంప్యూటర్ల ముందు కూర్చున్న 35 మంది, తాము ఎక్కించిన అంకెలు బోర్డు మీద కనపడటం లేదని లేచి బయటికి వచ్చేశారు. ఆ నెలాఖరుకి మార్కోస్ దేశం వదిలిపోయాడు. వాళ్ల చట్టం ఆ సంస్థకు చోటిచ్చింది. మన చట్టం ఇవ్వలేదు. అందుకే మన దగ్గర ఈ పని వేరే దారిలో పెరిగింది.

1974లో జయప్రకాశ్ నారాయణ్ 'సిటిజన్స్ ఫర్ డెమోక్రసీ' పెట్టారు. దాని తరఫున తార్కుండే కమిటీ ఎన్నికల సంస్కరణల మీద నివేదిక ఇచ్చింది. మన రాష్ట్రంలో మాత్రం కదలిక వచ్చింది 1996లో లోక్‌సత్తా మొదలయ్యాకే. (పేరు ఒకటే గానీ, ఆ జయప్రకాశ్ నారాయణ్ వేరు, లోక్‌సత్తా జేపీ వేరు. ఇప్పటికీ కలిపేసేవాళ్లున్నారు.) 1999 ఎన్నికల్లో లోక్‌సత్తా ఎలక్షన్ వాచ్ నడిపి, నేర చరిత్ర ఉన్న అభ్యర్థుల పేర్లు బయటపెట్టింది. అప్పటికి అభ్యర్థులు తమ మీద నడుస్తున్న కేసులు, ఆస్తులు ప్రమాణపత్రంలో (అఫిడవిట్‌లో) చెప్పే పద్ధతి లేదు. ఎవరి మీద ఏ కేసుందో తెలియాలంటే కోర్టు, పోలీసు రికార్డులే దిక్కు. నేనప్పుడు కావలిలో డిగ్రీ చదువుతున్నాను. మాకు అప్పజెప్పింది కరపత్రాలు పంచడమే. ఒక పెద్దాయన కరపత్రం అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో ఏమీ పెట్టలేదేందబ్బయా?" అని అడిగాడు. లోపల నోటు ఉంటుందనుకున్నాడు.

అదే ఏడాది అహ్మదాబాద్ ఐఐఎం ప్రొఫెసర్లు కొందరు ఏడీఆర్ (అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్) అనే సంస్థ పెట్టి ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. అభ్యర్థి కేసులు, ఆస్తులు, చదువు ఓటరుకు తెలియాలన్నది వాళ్ల వాదన. 2000లో హైకోర్టు ఒప్పుకుంది. 2002 మే 2న సుప్రీంకోర్టు ఖాయం చేసింది. పార్టీలన్నీ ఒక్కటై ఆ తీర్పును నీరుగార్చే చట్టం తెచ్చుకున్నాయి. పార్లమెంటులో పార్టీలు ఒకే మాట మీద నిలబడే సందర్భాలు తక్కువ, ఇది వాటిలో ఒకటి. 2003 మార్చి 13న కోర్టు దాన్ని కొట్టేసింది. ఈ రోజు మీరు ఫోన్‌లో ఎమ్మెల్యే ఆస్తులు చూస్తున్నారంటే ఆ కేసు పుణ్యమే.

2004లో ఫోన్‌లో చూసే వసతి ఎక్కడిది? రిటర్నింగ్ అధికారి ఆఫీసు నోటీసు బోర్డుకు అంటించిన కాగితాలే. నామినేషన్ల వారంలో మేం రోజూ అక్కడికి వెళ్లి కాపీలు అడిగేవాళ్లం. ఒక చోట గుమాస్తా అడిగిన వెంటనే జిరాక్సుకు ఇచ్చాడు. ఇంకో చోట సాయంత్రం దాకా "సారు లేరు" అన్నదే జవాబు. తీరా కాగితాలు చేతికొస్తే సగం గడులు ఖాళీ. కేసుల దగ్గర ఒక గీత, భార్య ఆస్తి దగ్గర ఒక గీత. ఆ ఖాళీల జాబితా రాసి హైదరాబాద్‌కు ఫ్యాక్స్ చేసేవాళ్లం. అది వృథా ప్రయాస అని అప్పట్లో అందరూ అన్నారు. 2013 సెప్టెంబరులో, వేరే సంస్థ వేసిన కేసులో, గడులు ఖాళీగా వదిలేసి గుర్తుచేసినా నింపకపోతే నామినేషన్ తిరస్కరించవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ వార్త చదివి మా పాత మిత్రులకు ఫోన్లు చేసి మరీ చెప్పాను.

2006లో లోక్‌సత్తా పార్టీ అయింది. మాలో చీలిక వచ్చింది అప్పుడే. సగం మంది పార్టీతో వెళ్లారు, నేను వెళ్లలేదు. నా మట్టుకు, పోటీలో దిగినవాడు అంపైరు చొక్కా వేసుకోకూడదు. ఆ తర్వాత మా వైపు ఎలక్షన్ వాచ్ చల్లబడింది. మిగిలిన కొద్దిమందిమి ఓటర్ల జాబితా మీద పడ్డాం. నన్నడిగితే ఇక్కడి వాలంటీరుకు అసలు పని అదే. కెమెరాలు రావు, పేపర్లో ఫొటో పడదు. అయినా ఓటు పోవడమంటూ జరిగితే ఎక్కువగా జాబితాలోనే పోతుంది, బూత్‌లో పోయేది తక్కువ.

కనిగిరి, పామూరు వైపు వెళితే ఇంటికి తాళం ఉంటుంది. మనుషులు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో బేల్దారి పనిలో ఉంటారు. వాళ్ల పేరు ఇక్కడ తీసేయాలా ఉంచాలా అన్నది పెద్ద చిక్కు. నెల్లూరు జిల్లా అల్లూరు, విడవలూరు వైపు చిక్కు ఇంకో రకం. రొయ్యల గుంటల కాపలాకు ఉండే యానాది కుటుంబాలు, కాలవ గట్ల మీద గుడిసెలు వేసుకున్నవాళ్లు చాలామంది జాబితాలోనే లేరు. ఇంటి నంబరు లేదు, కరెంటు బిల్లు లేదు, గుంట మారితే ఊరే మారుతుంది. కొత్తగా ఓటు నమోదుకు పెట్టుకునే ఫారం 6 పట్టుకుని వెళితే ఒక ముసలామె, "ఓటు సరేలే అబ్బయా, ముందు పట్టా ఇప్పిస్తావా?" అంది. నా దగ్గర జవాబు లేదు. అయితే అక్కడ పనికొచ్చే నిబంధన ఒకటుంది. ఇల్లు లేనివాళ్లకు చిరునామా పత్రం అక్కర్లేదు. వాళ్లు ఎక్కడ పడుకుంటున్నారో బీఎల్‌ఓ (బూత్ స్థాయి అధికారి) రాత్రిపూట వెళ్లి చూసి నిర్ధారిస్తే చాలు. ఈ నిబంధన చాలామంది బీఎల్‌ఓలకు తెలియదు. తెలిసినా, పగలంతా వేరే డ్యూటీ చేసిన మనిషి రాత్రి పది గంటలకు కాలవ గట్టుకు రావాలంటే వెంట ఎవరో ఒకరు ఉండాలి. ఆ ఎవరో ఒకరే వాలంటీరు. టార్చిలైటు, బండి, కొంచెం ఓపిక ఉంటే చాలు.

2019 ఎన్నికల ముందు రాష్ట్రమంతా లక్షల్లో ఫారం 7 దరఖాస్తులు పడ్డాయి. ఫలానా వాళ్ల ఓటు తీసేయండని అడిగేది ఆ ఫారం. మా దగ్గర ఒక ఊళ్లో టీ కొట్టు ఆయన పేరు మీద పక్కింటివాళ్ల ఓట్లు తీసేయమని దరఖాస్తులు వచ్చాయి. ఆయనకు ఆ సంగతే తెలియదు. ఊళ్లో కొట్లాట దాకా వచ్చింది. ఎన్నికల నమోదు అధికారి ఫారం 10 పేరుతో ప్రకటించే జాబితాలో ఎవరు ఎవరి మీద అభ్యంతరం పెట్టారో ఉంటుంది. దాన్ని తీసి చదివి వినిపించడం వల్లే విషయం బయటపడింది. అందుకే కొత్తగా వచ్చేవాళ్లకు ఫారం 9, 10, 11 జాబితాలు (కొత్త పేర్ల దరఖాస్తులు, అభ్యంతరాలు, సవరణలు) చదవడం ముందు నేర్పిస్తాను.

ఈ మధ్య సంగతులు క్లుప్తంగా. 2023లో మాజీ రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్ కుమార్ కార్యదర్శిగా 'సిటిజన్స్ ఫర్ డెమోక్రసీ' పేరుతోనే ఇక్కడ ఒక సంస్థ వచ్చింది. వీవీప్యాట్ స్లిప్పులన్నీ (ఓటు ఎవరికి పడిందో చూపే కాగితాలు) లెక్కించాలన్న ఏడీఆర్ కోరికను 2024 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు గానీ, రెండు, మూడు స్థానాల్లో వచ్చిన అభ్యర్థులు డబ్బు కట్టి 5 శాతం యంత్రాల తనిఖీ కోరవచ్చంది. ఆ తీర్పు వచ్చిన కొద్ది నెలలకే ఒంగోలులో ఓడిన అభ్యర్థి 12 పోలింగ్ కేంద్రాల యంత్రాల పరిశీలనకు డబ్బు కట్టారు. 2025లో బిహార్‌లో ముసాయిదా జాబితా నుంచి 65 లక్షల పేర్లు పోయినప్పుడు కోర్టుకు వెళ్లినవాళ్లలో కూడా ఏడీఆర్ ఉంది. పాతికేళ్ల తర్వాత వాళ్లూ జాబితా దగ్గరికే వచ్చారు.

చేరాలనుకుంటే ఎన్నికలు వచ్చేదాకా ఆగకండి. ఓటు నమోదుకు 18 ఏళ్లు నిండాయా అని చూసే అర్హత తేదీలు ఇప్పుడు ఏడాదికి నాలుగున్నాయి: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1. మీ బూత్ జాబితా సీఈఓ (రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి) వెబ్‌సైట్ నుంచి దింపుకుని ప్రింటు తీయండి, ఒక ఆదివారం మీ వీధిలో ఇంటింటికీ తిరగండి. చనిపోయినవాళ్లు, పెళ్లయి వెళ్లిన ఆడపిల్లలు, రెండు చోట్ల ఉన్నవాళ్లు, అసలు లేనివాళ్లు ఎవరో రాసుకోండి. అన్యాయంగా ఎవరి పేరైనా తీసేస్తే ఆ ఉత్తర్వు మీద 15 రోజుల్లో జిల్లా ఎన్నికల అధికారికి అప్పీలు చేసుకోవచ్చు, ఈ గడువు చాలామంది దాటబెట్టుకుంటారు. ఏ పార్టీ వాట్సాప్ గ్రూపులోనూ ఉండకండి. ఉంటే మీరు తెచ్చిన జాబితాను అవతలివాళ్లు చూడను కూడా చూడరు.