పాదాల మసాజ్ చేయించుకుంటున్నా పాలు పెరగట్లేదంటే

కాన్పయ్యాక రోజూ పాదాలు నొక్కించుకుంటున్నా పాలు చాలట్లేదంటే, బహుశా రొమ్ము సరిగా ఖాళీ కాకపోవడమే కారణం. మసాజ్‌తో టెన్షన్ తగ్గి పాలు సులువుగా దిగొచ్చు. కొత్త పాలు ఊరాలంటే మాత్రం బిడ్డ తాగాల్సిందే.

1. రాత్రితో కలిపి 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు పాలివ్వండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: బిడ్డ నోట్లోకి చనుమొన ఒక్కటే వెళ్తే చాలదు, చుట్టూ ఉన్న ముదురు రంగు భాగం కూడా చాలావరకు వెళ్లాలి. నోరు బాగా తెరిచాకే దగ్గరకు తీసుకోండి. గడ్డం రొమ్ముకు ఆనాలి. నొప్పిగా ఉంటే వేలితో పట్టు విడిపించి మళ్లీ పట్టించండి, ఓర్చుకోవద్దు.

3. పాదాల మసాజ్ పాలిచ్చే ముందు, మెత్తగా చేయించుకోండి.

ఒక్క కాలే వాచి, నొప్పిగా, వేడిగా ఉంటే అసలు నొక్కించుకోవద్దు. రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, వెంటనే డాక్టర్‌కి చూపించండి. ఐదో రోజు దాటాక బిడ్డ రోజుకు 6 సార్లకన్నా తక్కువ మూత్రం పోస్తున్నా ఆలస్యం చేయకండి.