కారు సీట్లో జారిపోవడం సరే, ఆ పాదం సంగతేంటి?

ప్రశ్న: నా వయసు 36. నిజాంపేటలో ఉంటాను. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఏడాదిగా నెలకు రెండు ఆదివారాలు స్నేహితులతో కలిసి ఆటోక్రాస్ చేస్తున్నాను. ఖాళీ మైదానంలో కోన్లు పెట్టుకుని, టైమ్ చూసుకుంటూ ఒక్కొక్కరం కారు నడుపుతాం. నాది మామూలు హ్యాచ్‌బ్యాక్, కంపెనీ సీటే. మలుపుల్లో ఒళ్లు పక్కకు జారిపోతోంది. ఆపుకోవడానికి కుడి మోకాలిని డోర్‌కి అదిమి పెడతాను, బెల్టు గట్టిగా బిగిస్తాను. ఫోర్ పాయింట్ హార్నెస్ (రెండు భుజాల మీదుగా, నడుము మీదుగా నాలుగు చోట్ల బిగించే రేసు బెల్టు) వేయించమని ఒకరు, నడుము వెనక దిండు పెట్టుకోమని ఇంకొకరు అంటున్నారు. వెన్నుకు ఏది మంచిది? మోకాలు నొప్పికి మెడికల్ షాపులో ఇచ్చిన మాత్ర వేసుకుని, నీ క్యాప్ (మోకాలికి తొడిగే బిగుతు పట్టీ) బిగించుకుని నడుపుతున్నాను. రెండు నెలలుగా కుడి పాదం పైన తిమ్మిరి. యాక్సిలరేటర్ మీంచి బ్రేక్‌కి కాలు మార్చేటప్పుడు బూటు కొస తగులుకుంటోంది. బూట్లు మార్చినా తేడా లేదు. బీపీకి టెల్మిసార్టాన్ వాడుతున్నాను.
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: సీటు గురించి తర్వాత చెబుతాను. బూటు కొస తగులుకుంటోందని మీరు ఊరికే రాసేసినట్టున్నారు. నాకు భయం వేసింది అక్కడే. రెండు నెలల్లో రెండు జతల బూట్లు చూశారు గానీ ఒక్క డాక్టర్‌నీ చూడలేదు!

మోకాలికి బయటి వైపు, కాస్త కిందగా తడిమితే గుండీలాంటి ఎముక ఒకటి చేతికి తగులుతుంది. దాని కిందనే కామన్ పెరోనియల్ అనే నరం ఎముకను చుట్టుకుని ముందుకు వస్తుంది. అక్కడ దానికి కండ అండ లేదు, చర్మం కిందనే ఉంటుంది. మోచేతికి దెబ్బ తగిలితే చెయ్యంతా జివ్వుమంటుంది చూడండి, అలాంటి చోటే ఇది కూడా. పాదాన్ని, వేళ్లను పైకి లేపే కండరాలకు ఆజ్ఞ వెళ్లేది ఈ నరం గుండానే. ఎడమ మలుపు తిరిగిన ప్రతిసారీ మీ బరువంతా కుడి వైపుకు వచ్చి, ఆ ఎముక డోర్‌కి నొక్కుకుంటోంది. దానిమీద బిగుతైన నీ క్యాప్ ఒకటి. నొప్పి తగ్గడానికని కొన్నది అదే నరాన్ని గంటల తరబడి అదుముతూ ఉండొచ్చు.

పాదం సరిగ్గా లేవకపోవడాన్ని ఫుట్ డ్రాప్ అంటాం. మీది అదేనని చూడకుండా చెప్పలేను. నడుములో డిస్క్ జారి ఐదో లంబార్ నరం నలిగినా ఇలాగే ఉండొచ్చు. షుగరు ఉంటే నరాలు తేలిగ్గా దెబ్బతింటాయి. ఇంట్లో ఒకటి చేసి చూడండి. గోడ పట్టుకుని, వేళ్లు పైకి లేపి మడమల మీద పది అడుగులు నడవండి. కుడి పాదం ముందుభాగం కిందికి వాలిపోతే ఈ వారమే ఆర్థోపెడిక్ డాక్టర్‌కో న్యూరాలజిస్ట్‌కో చూపించుకోండి. వాలకపోయినా చూపించుకోవాల్సిందే, కాకపోతే పరుగెత్తక్కర్లేదు. నరాల పరీక్ష (ఎన్‌సీఎస్, ఈఎంజీ), అవసరమైతే నడుముకు ఎంఆర్ఐ, షుగరు, బీ12 చూస్తారు. కేవలం ఒత్తిడి వల్లే అయితే, ఆ ఒత్తిడి తీసేశాక చాలామందిలో వారాల నుంచి నెలల్లో కోలుకుంటుంది. ఆలస్యమైన కొద్దీ ఆ నమ్మకం తగ్గుతుంది. మూత్రం, మలం మీద పట్టు తప్పినా, కూర్చునే భాగంలో స్పర్శ పోయినా, రెండు కాళ్లూ బలహీనపడినా తెల్లారేదాకా ఆగకండి. ఆ రాత్రే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

డాక్టర్ చూసేదాకా డ్రైవింగ్ వద్దు. ఆటోక్రాసే కాదు, ఆఫీసుకు కూడా. బ్రేక్ వేసే పాదం మీద నమ్మకం లేనప్పుడు రోడ్డు మీదికి రావడం మీ ఒక్కరి విషయం కాదు. జేఎన్టీయూ దగ్గర మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి మాదాపూర్ వెళ్లండి. చుట్టుతిరుగుడే, తెలుసు.

ఇక ఆ మాత్ర. నేను ఓపీలో రోజూ పోట్లాడే విషయం ఇదే. పేరు రాయలేదు గానీ, మన మెడికల్ షాపుల్లో ఒళ్లు నొప్పులంటే చాలాసార్లు చేతిలో పెట్టేది డైక్లోఫెనాక్, లేదంటే ఎసిక్లోఫెనాక్, పారాసెటమాల్, క్లోర్‌జాక్సజోన్ మూడూ కలిపినది. రెండోదైతే అందులోని క్లోర్‌జాక్సజోన్ మత్తు తెప్పిస్తుంది. కోన్ల మధ్య కారు తిప్పేవాళ్లు మత్తు మాత్ర వేసుకుని బయల్దేరడమేమిటి? రెండింటిలో ఏదైనా ఇంకో చిక్కు ఉంది. కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్ననాళం ఈ నొప్పి మాత్రలతో ముడుచుకుంటుంది. బయటికి తీసుకెళ్లే నాళం టెల్మిసార్టాన్‌తో సడలుతుంది. మధ్యలో వడపోతకు కావలసిన ఒత్తిడి పడిపోతుంది. పైగా ఎండలో, హెల్మెట్ పెట్టుకుని, ఏసీ ఆపేసి, చెమటతో నీళ్లు పోయాక. దానికి తోడు ఈ మాత్రలు బీపీని కూడా పెంచుతాయి. పక్కన గ్యాస్ గోళీ వేసుకుంటున్నాం కదా అంటారు చాలామంది. అది కాపాడేది కడుపును, కిడ్నీని కాదు. నొప్పి మాత్ర ఆపేయండి, కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించండి. బీపీ మాత్రను మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. నొప్పి తెలియకుండా చేసుకుని ఇంకా గట్టిగా అదిమారేమోనని కూడా నా అనుమానం.

సీటు సంగతి. 2023 ఫిబ్రవరిలో మన హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అనే కరెంటు రేసు కార్లు తిరిగాయి. ఆ డ్రైవర్లకు సీటు వాళ్ల ఒంటి కొలతకు పోసినది, బెల్టులో కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీలు కూడా ఉంటాయి. మామూలు సీటుకు ఫోర్ పాయింట్ హార్నెస్ వేస్తే ఆ పట్టీలు ఉండవు. ఢీకొన్నప్పుడు భుజం పట్టీలు నడుము పట్టీని పైకి లాగుతాయి, మీరు దాని కిందుగా ముందుకు జారతారు. పట్టీ తుంటి ఎముకను వదిలి కడుపులోకి దిగుతుంది. పేగులు, కాలేయం, ప్లీహం చిట్లడం అలాంటప్పుడే చూస్తాం. భుజం పట్టీలను వెనక ఫ్లోర్‌కి బిగిస్తే వెన్నుపూసల మీద కిందికి నొక్కుడు. రోల్ బార్ (పైకప్పు కుంగకుండా లోపల బిగించే ఇనుప కడ్డీ) లేని కారు పల్టీ కొడితే, పైకప్పు కిందికి కుంగుతుంటే నిటారుగా కట్టేసి ఉంటారు. అందుకని నా సలహా వద్దనే. ఇంజనీర్‌ని కాను, కారు మార్పుల గురించి మోటార్ స్పోర్ట్స్ క్లబ్బులో అనుభవం ఉన్నవాళ్లని అడగండి.

కంపెనీ బెల్టుతోనే చాలావరకు కుదురుతుంది. సీటును ఒకట్రెండు మెట్లు వెనక్కి జరిపి, తుంటిని వెనక్కి అదిమి కూర్చోండి. నడుము పట్టీని తొడల మొదట్లో, తుంటి ఎముకల మీదుగా సరిచేసి, భుజం పట్టీని ఒక్క ఉదుటున లాగితే రీల్ లాక్ అవుతుంది. అలాగే పట్టుకుని సీటు ముందుకు జరిపితే బిగుస్తుంది. స్టీరింగ్ మధ్య భాగానికీ ఛాతీకీ కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలి, ఎయిర్‌బ్యాగ్ విచ్చుకోవడానికి. ఒళ్లు ఆపుకోవాల్సింది కుడి మోకాలితో కాదు, ఎడమ పాదంతో. క్లచ్ పక్కన పాదం ఆనించుకునే చోట తొక్కిపెట్టి, వీపును సీటుకు నొక్కండి. తొడ బయటి వైపు మొద్దుబారితే నడుము పట్టీ అతిగా బిగిసిందన్నమాట, అక్కడ ఇంకో నరం ఉంది. దిండు వద్దు, అది జారితే బెల్టు వదులవుతుంది. నున్నటి రెక్సిన్ కవర్లుంటే తీసేయండి. జారుడు సగం దానివల్లే కావచ్చు, సీటులో సైడ్ ఎయిర్‌బ్యాగ్ ఉంటే అది విచ్చుకోవడానికీ ఆ కవరు అడ్డే.

ఇదంతా డాక్టర్ పరీక్ష చేసి నడపొచ్చన్నాకే. వెళ్లేటప్పుడు ఆ మాత్రల స్ట్రిప్పు, నీ క్యాప్, పాత బూట్ల జత వెంట తీసుకెళ్లండి. కుడి బూటు అడుగు కొస దగ్గర ఎంత అరిగిందో వాళ్లకు చూపించండి.